ఓక్ తగలని షాబ్లీ: పులుపు ఎందుకు తగ్గిస్తారు, చెకుముకి వాసన ఎక్కడిది, అడుగున పలుకులేమిటి?

సాగరతీరం:

అందరికీ నమస్కారం. విశాఖలో ఒక హోటల్ రెస్టారెంట్‌లో వైన్ సర్వీసు చూస్తుంటాను, పరీక్షకి కూడా చదువుతున్నాను. షాబ్లీ అనే తెల్ల వైన్ గురించి నోట్సులో ఉన్నది ఇంతే: ఫ్రాన్స్‌లో ఉత్తర బర్గండీ, చలి ప్రాంతం, షార్డనే ఒక్కటే ద్రాక్ష, స్టీల్ ట్యాంకు, ఓక్ చెక్క పీపా లేదు, పులుపు ఎక్కువ. మార్కులకి ఇది చాలేమో, టేబుల్ దగ్గర మనిషి నిలదీసి అడిగితే మాత్రం చాలదు.

నాకు పొసగని విషయాలు ఇవి. షాబ్లీకి పులుపే ప్రాణం అంటారు, మళ్ళీ మాలోలాక్టిక్ (బాక్టీరియాతో జరిగే రెండో పులియడం, ‘మాలో’ అంటారు) జరిపించి ఆ పులుపునే తగ్గిస్తారు. ఎందుకు? మాలో జరిగితే వెన్న వాసన రావాలి కదా, షాబ్లీలో అది ఎందుకు కనపడదు? చెకుముకి రాయి కొట్టినట్టు వచ్చే వాసన నిజంగా నేలలోంచి వస్తుందా? ఓక్ లేదంటే పని తక్కువనేగా అర్థం, మరి ధర ఎందుకు తగ్గదు? లేబుల్ చూసి ఓక్ ఉందో లేదో చెప్పగలమా?

ఇంకో రెండు చిన్నవి: సీసా అడుగున గాజు పొడి లాంటి పలుకులు వస్తే గెస్ట్‌కి ఏం చెప్పాలి? మన చేపల వంటకాల్లో దేనితో ఇస్తే బాగుంటుంది?

---

తొట్టికాపు:

పులుపు సంగతి ముందు చెప్తాను, మిగతావి చాలావరకు దానికే ముడిపడి ఉన్నాయి.

ద్రాక్షలో ప్రధానంగా రెండు ఆమ్లాలు. టార్టారిక్, అంటే మన చింతపండులో ఉన్నదే. రెండోది మాలిక్, పచ్చి యాపిల్ కొరికితే పళ్ళు జివ్వుమనిపించేది. టార్టారిక్ ఎండకి పెద్దగా తరగదు. మాలిక్‌ని మాత్రం కాయ తనే శ్వాసలో ఖర్చు పెట్టుకుంటుంది, వేడి పెరిగేకొద్దీ ఎక్కువగా. షాబ్లీ దాదాపు 48 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. అక్కడ సెప్టెంబరు రాత్రులు చల్లగా ఉంటాయి కాబట్టి చక్కెర చేరేసరికి కూడా మాలిక్ బాగా మిగిలి ఉంటుంది. చలి ఎక్కువైన ఏడాదిలో లీటరుకి 5 గ్రాముల దాకా ఉండొచ్చు. అది అలాగే సీసాలోకి వెళితే తాగేవాడికి పులుపు తప్ప ఇంకేమీ తెలియదు.

మాలోలాక్టిక్ అంటే ఒయినోకాకస్ ఒయెని అనే బాక్టీరియా ఆ మాలిక్‌ని లాక్టిక్‌గా మార్చడం. లాక్టిక్ అంటే పెరుగు పులుపు. పచ్చి యాపిల్ పులుపు పెరుగు పులుపు అవుతుందన్నమాట. లీటరుకి 1 గ్రాము మాలిక్ పోతే 0.67 గ్రాముల లాక్టిక్ వస్తుంది, మిగతాది కార్బన్ డయాక్సైడ్‌గా ఎగిరిపోతుంది. 4 గ్రాముల మాలిక్ మారితే మొత్తం ఆమ్లం, టార్టారిక్ లెక్కన, లీటరుకి సుమారు 2.2 గ్రాములు తగ్గుతుంది. పీహెచ్ 0.1 నుంచి 0.3 దాకా పెరుగుతుంది (పీహెచ్ పెరిగితే పులుపు తీవ్రత తగ్గినట్టు). ఇంత జరిగాక కూడా షాబ్లీ పుల్లగానే ఉంటుంది, ఎందుకంటే టార్టారిక్‌ని ఎవరూ ముట్టుకోలేదు. తగ్గించేది కరుకుదనాన్నే, వెన్నెముకని కాదు.

రెండో కారణం ఇంకా ముఖ్యం, నోట్సుల్లో ఇది రాయరు. మాలిక్ మిగిలిన వైన్‌ని సీసాలో పోస్తే, లోపల నాలుగు బాక్టీరియా మిగిలినా సీసాలోనే మాలో మొదలవుతుంది. గ్యాసు, మబ్బుతనం, చెడు వాసన. దాన్ని ఆపాలంటే 0.45 మైక్రాన్ ఫిల్టరుతో వడకట్టి, సల్ఫర్ (వైన్ చెడకుండా కాపాడే సల్ఫర్ డయాక్సైడ్) ఎక్కువ వాడాలి. ముందే జరిపించేస్తే ఆ తలనొప్పి ఉండదు.

ఇక వెన్న వాసన. అది లాక్టిక్ ఆమ్లానిది కాదండీ, డయాసిటైల్ అనే పదార్థానిది. బాక్టీరియా రసంలోని సిట్రిక్ ఆమ్లాన్ని తినేటప్పుడు పుడుతుంది. దాన్ని తగ్గించే పనివాళ్ళు ట్యాంకు అడుగునే ఉంటారు: చచ్చీ చావని ఈస్టు, అంటే లీస్. మాలో అయిపోయిన వెంటనే సల్ఫర్ వేయకుండా, మడ్డి తీయకుండా ఒకటి రెండు వారాలు అలాగే ఉంచితే ఈస్టు ఆ డయాసిటైల్‌ని వాసన లేని బ్యూటేన్‌డయాల్‌గా మార్చేస్తుంది. తొందరపడి మాలో ముగిసిన రోజే మడ్డి తీసి సల్ఫర్ కొట్టినవాడికి వెన్న వాసన అలాగే నిలిచిపోతుంది. ఈస్టుతోపాటే, లేదా ఒకటి రెండు రోజుల తేడాతో బాక్టీరియా కూడా వేసే పద్ధతి ఉంది, అందులో డయాసిటైల్ ఇంకా తక్కువ. అక్కడ పీహెచ్ మరీ తక్కువ కాకుండా, ఈస్టు ఎక్కడా తడబడకుండా చూసుకోవాలి. ఈస్టు ఆగిపోయి చక్కెర మిగిలితే బాక్టీరియా దాన్ని తిని వెనిగర్ వాసన తెస్తుంది.

చలి ప్రాంతంలో మాలో దానంతటది సులభంగా మొదలవ్వదు. పీహెచ్ 3.1 కంటే కిందికి ఉంటే బాక్టీరియా బద్ధకిస్తుంది, నవంబరు నాటికి సెల్లారు 12 డిగ్రీలకి దిగితే పడుకుంటుంది. అందుకే ట్యాంకుని 18–20 డిగ్రీలకి వెచ్చబెడతారు, రసం దశలో సల్ఫర్ మొత్తం లీటరుకి 40 మిల్లీగ్రాములు దాటకుండా చూస్తారు. ఓపిక లేక సల్ఫర్ ఎక్కువ పోస్తే వసంతం దాకా ఎదురుచూపే.

---

తొట్టికాపు:

పై దానికి కొనసాగింపు. ఓక్ లేకపోతే పని తక్కువ అన్నారు. అక్కడ నేను ఒప్పుకోను. కొత్త పీపా వెనిల్లా, పొగ, తీపి లాంటివి పైన పరిచి రసంలో లోపాల్ని కొంత కప్పేస్తుంది. స్టీల్‌లో ఆ దుప్పటి లేదు. గెల విరిగిన దగ్గర్నుంచి ప్రతి తప్పూ గ్లాసులో కనపడుతుంది.

వరుస ఇలా ఉంటుంది. గెలల్ని వీలైతే పూర్తిగా, కాడలతో సహా, గాలి సంచి ప్రెస్సులో వేసి మెల్లగా రెండు రెండున్నర గంటలు పిండుతారు. 2 బార్ దగ్గర ఆపేస్తారు, ఇంకా నొక్కితే తొక్కల్లోంచి చేదు, పొటాషియం దిగుతాయి. పొటాషియం దిగితే టార్టారిక్ దానితో కలిసి గడ్డకట్టి పులుపు అనవసరంగా పడిపోతుంది. రసాన్ని 10–12 డిగ్రీల దగ్గర 12 నుంచి 24 గంటలు తేర్చుతారు.

ఈ తేర్చడంలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. అద్దంలా మెరిసేదాకా తేరిస్తే మంచిదనుకుంటారు. మసక 50 ఎన్‌టీయూ (మబ్బుతనాన్ని కొలిచే ప్రమాణం) కంటే కిందికి పోతే ఈస్టు తన పొర కట్టుకోవడానికి కావలసిన కొవ్వు పదార్థాలు దొరకవు, చివరి 10 గ్రాముల చక్కెర దగ్గర చతికిలబడుతుంది. 250 దాటితే అడుగు బురదలోని గంధకం పులియబెట్టేటప్పుడు క్యాబేజీ, కుళ్ళు గుడ్డు వాసనలుగా బయటపడుతుంది. 100–200 మధ్య ఉంచుకోవడం మంచిది.

ఈస్టు 100 లీటర్లకి 20 గ్రాములు. పది రెట్లు నీళ్ళలో, 35–38 డిగ్రీల వేడి దగ్గర, 15–20 నిమిషాలు నాననిచ్చి, ఆ తర్వాత రసం కొంచెం కొంచెంగా కలుపుతూ రెండింటి వేడి మధ్య తేడా 10 డిగ్రీలకి తగ్గాకే ట్యాంకులో పోయాలి. చల్లటి రసంలోకి ఒక్కసారిగా పోస్తే సగం ఈస్టు అక్కడే చస్తుంది. పులియడం 16–18 డిగ్రీల దగ్గర. 14 కంటే కిందికి లాగితే పండ్ల బిళ్ళల మిఠాయి వాసన, అరటిపండు వాసన ఎక్కువై ఏ ఊరి వైనో తెలియకుండా పోతుంది. 22 దాటితే ముక్కుకి అందాల్సినవన్నీ గ్యాసుతో పాటు ఎగిరిపోతాయి. సుమారు 17 గ్రాముల చక్కెర ఒక శాతం ఆల్కహాల్ ఇస్తుంది, లీటరుకి 210 గ్రాములున్న రసం 12.5 దగ్గర ఆగుతుంది.

తర్వాత అంతా ఆక్సిజన్‌తో యుద్ధమే. ట్యాంకు అంచు దాకా నిండి ఉండాలి, ఖాళీ ఉంటే నైట్రోజన్ నింపాలి. సల్ఫర్ లెక్క పీహెచ్ మీద ఆధారపడుతుంది: 3.2 దగ్గర దేనితోనూ కలవకుండా విడిగా ఉన్న సల్ఫర్ లీటరుకి 22 మిల్లీగ్రాములు చేసే పనిని 3.5 దగ్గర చేయాలంటే 40 కావాలి. చలి ప్రాంతపు వైన్‌కి ఉన్న పెద్ద వరం ఇదే, తక్కువ సల్ఫర్‌తో ఎక్కువ రక్షణ. సీసాలో నింపేటప్పుడు కలిసిన ఆక్సిజన్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు.

---

సున్నపురాయి:

నేల గురించి నేను చెప్తాను, దీని మీద చాలా కథలు తిరుగుతున్నాయి.

షాబ్లీ ఊరు సెరాన్ అనే చిన్న నది ఒడ్డున, యాన్ జిల్లాలో ఉంది, పారిస్‌కి ఆగ్నేయంగా సుమారు 180 కిలోమీటర్లు. వాలుల్లో ఉన్నది కిమరిడ్జియన్ పొర, సుమారు 15 కోట్ల ఏళ్ళనాటిది: సున్నపురాయి, బంకమట్టి కలిసిన మార్ల్ ఒకదాని మీద ఒకటి. అందులో కామా ఆకారంలో గోరంత ఆల్చిప్పలు ఉంటాయి, ఎక్సోజైరా విర్గులా అంటారు, ఫ్రెంచిలో కామాని పిలిచే ‘విర్గ్యూల్’ కూడా ఆ లాటిన్ మాట నుంచే వచ్చింది. పైన పీఠభూమి మీద పోర్ట్‌లాండియన్ అనే గట్టి సున్నపురాయి ఎక్కువ. షాబ్లీ నాలుగు మెట్లలో (పెటి షాబ్లీ, షాబ్లీ, ప్రీమియే క్రూ, గ్రాండ్ క్రూ) అడుగుదైన పెటి షాబ్లీ ఎక్కువగా దాని మీదిది.

ఆల్చిప్పల నేలలో పెరిగింది కాబట్టి వైన్‌లో సముద్రం రుచి వస్తుందంటారు. అలా జరగదు. వేరు పీల్చుకునేది నీళ్ళలో కరిగిన అయాన్లను, రాయిని కాదు. సున్నపురాయికి వాసన లేదు, ఆవిరి అయ్యేదే కాదు, ముక్కుకి ఎలా చేరుతుంది? చెకుముకి వాసనకి కారణాలుగా తేలినవి గంధకం ఉన్న అణువులు, ముఖ్యంగా బెంజీన్‌మీథేన్‌థయాల్. ఇవి ఈస్టు పనిచేసేటప్పుడు, లీస్ మీద గాలి తగలకుండా ఉన్నప్పుడు పుడతాయి. నోట్లో ఉప్పగా అనిపించేదాంట్లో సక్సినిక్ ఆమ్లం వాటా ఉంది, అదీ ఈస్టు చేసేదే.

అయితే నేల పని లేదనుకోవద్దు. మార్ల్‌లోని బంకమట్టి వాననీళ్ళని పట్టి ఉంచుతుంది, మధ్యలోని సున్నపురాయి ఎక్కువైనది దించేస్తుంది. జులైలో తీగకి దాహం వేయదు, సెప్టెంబరులో వేళ్ళు నీళ్ళలో నానవు. కాయ నిదానంగా పండుతుంది. దానికి వాలు తోడు: ఏడు గ్రాండ్ క్రూ తోటలూ, అంటే బ్లాంషో, బుగ్రో, లే క్లో, గ్రెనూయ్, ప్రూజ్, వాల్మూర్, వోదెజిర్, నది కుడి ఒడ్డున ఒకే కొండ మీద పక్కపక్కనే ఉన్నాయి, ఎక్కువగా నైరుతి ముఖంగా. అన్నీ కలిపి సుమారు 100 హెక్టార్లే. మొత్తం షాబ్లీ 5,500 హెక్టార్ల పైమాట. ధర ఎందుకు తగ్గదని అడిగారు కదా, కొంత జవాబు ఇక్కడుంది.

మిగతా జవాబు మంచు. షార్డనే తొందరగా చిగురిస్తుంది, సెరాన్ లోయలో చల్లగాలి రాత్రిపూట కిందికి జారి నిలబడిపోతుంది. ఏప్రిల్ చివరలో మైనస్ 2, మైనస్ 3 డిగ్రీలకి లేత చిగురు మాడిపోతుంది. 2016, 2017, 2021 ఏప్రిల్ నెలలు అలాగే దెబ్బతీశాయి. ఆపడానికి రెండు దారులు. పారాఫిన్ డబ్బాలు హెక్టారుకి 300–400 పెట్టి తెల్లవార్లూ వెలిగించడం ఒకటి. రెండోది వినడానికి వింతగా ఉంటుంది: చిగురు మీద నీళ్ళు చల్లి గడ్డకట్టించడం. కిలో నీరు మంచుగా మారేటప్పుడు 334 కిలోజౌళ్ళ వేడి వదులుతుంది, ఆ వేడి వల్ల మంచు గూడులోని చిగురు సున్నా దగ్గరే నిలబడుతుంది. చల్లడం మధ్యలో ఆగకూడదు. పంపు చెడిపోయి నీళ్ళు ఆగితే తడి ఆవిరవుతూ వేడిని లాక్కుని, అసలు చల్లకపోతే అయ్యేదానికంటే ఎక్కువ నష్టం చేస్తుంది. ఉదయం గాలి వేడెక్కి మంచు కరగడం మొదలయ్యేదాకా నీళ్ళు నడవాలి.

1950ల నాటికి ఇక్కడ మిగిలిన తోట సుమారు 500 హెక్టార్లే. కారణాలు: తీగ వేళ్ళని తినేసే ఫిలోక్సెరా పురుగు, దక్షిణాది నుంచి రైళ్ళలో వచ్చిన చవక వైన్, పైన ఈ మంచు. ఇవాళ మ్యాప్‌లో కనిపించే షాబ్లీ చాలావరకు ఆ తర్వాత తిరిగి నాటుకున్నదే.

---

తొట్టికాపు:

సున్నపురాయి గారు చెప్పిన గంధకం మాటకి ఒక జాగ్రత్త జోడిస్తాను. చెకుముకి వాసనా, కుళ్ళు గుడ్డు వాసనా ఒకే కుటుంబం. పీపా చెక్కలోంచి సన్నగా గాలి ఆడుతుంది కాబట్టి అక్కడ ఇలాంటివి కొంత సర్దుకుంటాయి. స్టీల్‌లో గాలి చొరదు, అందుకే ఓక్ లేని వైన్‌లో ఈ సమస్య ఎక్కువ. రసంలో ఈస్టు తినగలిగే నత్రజని లీటరుకి 150 మిల్లీగ్రాముల కంటే తక్కువుంటే ఈస్టు హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. పులిసేటప్పుడే పట్టుకుంటే మూడోవంతు చక్కెర ఖర్చయ్యేలోపు పోషకం, కొంచెం గాలి ఇస్తే సరిపోతుంది. పులియడం ముగిశాక గాలి ఇవ్వకూడదు. అప్పుడు రాగి సల్ఫేటే గతి, అది కూడా ముందు చిన్న గ్లాసుల్లో కొలతలు వేసి చూసుకుని. యూరప్ నిబంధన ప్రకారం వైన్‌లో రాగి లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు.

టేబుల్ దగ్గర మీకు పనికొచ్చే పరీక్ష: అనుమానం ఉన్న వైన్ రెండు గ్లాసుల్లో పోసి, ఒకదాంట్లో శుభ్రంగా తోమిన రాగి తీగ ముక్క వేసి ఒక నిమిషం తిప్పండి. ఆ గ్లాసులో వాసన పోతే అది గంధకపు వాసన, సీసా చెడిపోలేదు, డికాంటర్‌లో పోసి పది నిమిషాలు ఆగితే చాలావరకు సర్దుకుంటుంది. రాగి వేసిన గ్లాసు మాత్రం పారబోయండి. రెండు గ్లాసుల్లోనూ తడి అట్టపెట్టె వాసన అలాగే ఉంటే అది కార్కు దోషం, టీసీఏ. దాన్ని ఏ డికాంటరూ బాగుచేయదు, వెంటనే వేరే సీసా తెరవండి.

---

డాలస్ కిటికీ:

లేబుల్ గురించి. షాబ్లీ అంటే ఓక్ ఉండదు అని గెస్ట్‌కి ఖాయంగా చెప్పకండి, ఏదో ఒకరోజు ఇబ్బంది పడతారు. పెటి షాబ్లీ, మామూలు షాబ్లీ దాదాపు అన్నీ ట్యాంకువే. ప్రీమియే క్రూ, గ్రాండ్ క్రూ దగ్గర ఒక్కో తయారీదారు ఇల్లు ఒక్కో దారి. లూయీ మిషెల్ వాళ్ళు గ్రాండ్ క్రూ కూడా స్టీల్‌లోనే చేస్తారు. రావెనో, దోవిసా ఇళ్ళల్లో ఎక్కువగా పాత పీపాలు వాడతారు. ఆ ప్రాంతానికి 132 లీటర్ల ఫ్యూయెట్ అనే తనదైన చిన్న పీపా కూడా ఉంది, బర్గండీ మిగతాచోట్ల 228 లీటర్లది. నాలుగైదు సార్లు వాడిన పీపా వెనిల్లా వాసన ఇవ్వదు, సన్నగా గాలి మాత్రం ఇస్తుంది. కాబట్టి ‘పీపాలో ఉంచారు’ అనేది వేరు, ‘ఓక్ రుచి ఉంది’ అనేది వేరు. పరీక్షలోనూ ఈ తేడా రాయండి.

ఓక్ వాడామని లేబుల్ మీద చెప్పాలన్న నిబంధన లేదు. ఉత్పత్తిదారు ఇచ్చే టెక్నికల్ షీటు చూడాలి: ‘క్యూవ్’ అని ఉంటే ట్యాంకు, ‘ఫ్యూ’ అని ఉంటే పీపా. ‘వియెయ్ వీన్యు’ అంటే ముసలి తీగలు, దానికీ ఓక్‌కీ సంబంధం లేదు, చాలామంది కలిపేస్తారు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఒక మాట. ఇక్కడ దుకాణాల్లో పెద్ద జగ్గుల్లో, బాక్సుల్లో కాలిఫోర్నియా షాబ్లీ అని దొరికే చవక వైన్‌కీ ఈ ఊరికీ ఏ సంబంధమూ లేదు. తెల్ల వైన్‌కి ఆ పేరు వాడుకోవడాన్ని అమెరికా చట్టం చాలాకాలం అనుమతించింది, షార్డనే ఉండాలన్న పట్టింపు కూడా లేదు. 2006లో యూరోపియన్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం తర్వాత కొత్త లేబుళ్ళకి ఆపేశారు, అంతకుముందు నుంచి ఉన్నవాటిని మాత్రం కొనసాగనిచ్చారు. ‘అపెలసియోఁ షాబ్లీ కోంత్రోలే’ లాంటి వరుస (మధ్యలో పెటి షాబ్లీ, షాబ్లీ ప్రీమియే క్రూ, షాబ్లీ గ్రాండ్ క్రూ అని కూడా ఉండొచ్చు) లేబుల్ మీద ఉందో లేదో చూడండి. అది లేకపోతే అది షాబ్లీ కాదు.

---

సాగరతీరం:

ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్ అండీ. వెన్న వాసన మాలోదే అనుకుంటూ వచ్చాను, డయాసిటైల్‌ని లీస్ తినేస్తుందన్న సంగతి తెలియదు. పలుకులు, సర్వీసు వేడి, వంటకాలు మిగిలాయి. మా దగ్గర ఏసీ ఉన్నా హాలు 26–27 డిగ్రీలు ఉంటుంది, సముద్రం వైపు బయట టేబుళ్ళ దగ్గర 30 పైనే.

---

గాజుపాత్ర:

పలుకులు పొటాషియం బైటార్ట్రేట్. పైన చెప్పారు కదా చింతపండు ఆమ్లమని, అదే రసంలోని పొటాషియంతో కలిసి చలికి గడ్డకట్టింది. మామూలుగా ట్యాంకులోనే మైనస్ 4 డిగ్రీల దగ్గర వారం పది రోజులు ఉంచి రాల్చేస్తారు. కొందరు వైన్ పలచబడుతుందని అంత చలి పెట్టరు, ఆ సీసా మీ ఫ్రిజ్‌లో వారం ఉంటే పలుకులు దిగుతాయి. ఆరోగ్యానికి ఏమీ కాదు. గెస్ట్ గాజు ముక్కలని భయపడితే చెంచాతో కొన్ని తీసి వేడినీళ్ళలో వేసి చూపించండి, కరిగిపోతాయి, గాజు కరగదు. ముందు రోజే సీసాని నిలబెట్టి ఉంచితే, వంచేటప్పుడు చివరి రెండు చెంచాలు వదిలేస్తే సరిపోతుంది.

వేడి విషయానికొస్తే, పెటి షాబ్లీ 8–9 డిగ్రీలు, మామూలు షాబ్లీ 10, ప్రీమియే క్రూ 11–12, గ్రాండ్ క్రూ 12–13. ఫ్రిజ్‌లోంచి తీసినది 4–5 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ చలిలో పులుపు తప్ప వాసనలు లేవవు, మంచి వైన్ అయినా నిమ్మరసంలా అనిపిస్తుంది. మీ హాల్లో అయితే తీసి పది పదిహేను నిమిషాలు ఆగి వడ్డించండి. బయటి టేబుళ్ళకి ఆగక్కర్లేదు, గ్లాసులోనే వేడెక్కుతుంది. అక్కడ 150 మిల్లీలీటర్లు ఒకేసారి పోయకండి, 80–90 పోసి మళ్ళీ నింపుతూ ఉండండి.

చల్లబరచాల్సి వస్తే బకెట్‌లో ఒట్టి ఐసు వద్దు. గడ్డల మధ్య గాలే ఉంటుంది, సీసాకి చల్లదనం అందదు. సగం ఐసు, సగం నీళ్ళు, సీసా మెడ దాకా మునగాలి. గది వేడి నుంచి 10 డిగ్రీలకి 20–25 నిమిషాలు పడుతుంది, గుప్పెడు కల్లుప్పు వేస్తే ఇంకా తొందర. ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోతే మైనస్ 5, 6 దగ్గర గడ్డకట్టి కార్కు బయటికి తోసుకొస్తుంది.

స్టాకు గది చూసుకోండి. మన తీరంలో ఏసీ ఆపేసిన రాత్రి గది 32కి పోయి పొద్దున్న 24కి వస్తుంటే, సీసాలో వైన్ వ్యాకోచించి సంకోచించి కార్కు పక్కనుంచి గాలి లాగుతుంది. ఓక్ లేని తేలిక వైన్‌కి అది ముందుగా తెలుస్తుంది: రంగు ముదురు పసుపవుతుంది, కోసి పెట్టిన యాపిల్ నల్లబడ్డ వాసన వస్తుంది. అలాంటి గదిలో మూడు నెలల కంటే ఎక్కువ స్టాకు పెట్టకపోవడం మేలు.

ఇక వంటకాలు. నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను: చేపల పులుసుతో వద్దు. చింతపండు పులుపు నోటిని నింపేశాక వైన్ పులుపు చచ్చుబడి నీళ్ళలా అయిపోతుంది. పైగా కారం, ఆల్కహాల్ రెండూ నోట్లో ఒకే వేడి నాడిని తట్టి లేపుతాయి, 12.5 శాతం వైన్ గుంటూరు కారం మీద పడితే మంట రెట్టింపు అవుతుంది. వేపుళ్ళు ఇవ్వండి. చందువా, వంజరం తవా మీద తక్కువ కారంతో, మిరియాలు ముందుండేలా. నూనెని పులుపు కోసేస్తుంది, తర్వాతి ముద్దకి నోరు సిద్ధంగా ఉంటుంది. ఆవిరి మీద ఉడికించిన పీతలు, ఉప్పూ నిమ్మా మాత్రమే పడ్డ రొయ్యలు ఇంకా బాగుంటాయి, ఎందుకంటే వాటి సహజమైన తీపి బయటికొస్తుంది. కొబ్బరిపాల రొయ్యల కూరకి మామూలు షాబ్లీ పలచన అనిపిస్తుంది, అక్కడ లీస్ మీద ఎక్కువకాలం ఉన్న ప్రీమియే క్రూ పెట్టండి. వెల్లుల్లి కారం, ఆవకాయ పక్కన ఏ షాబ్లీ పెట్టినా డబ్బు దండగే.

---

సాగరతీరం:

మిగిలిన అర సీసా ఎన్నాళ్ళు ఉంచొచ్చండీ? గ్లాసు లెక్కన అమ్ముదామని అనుకుంటున్నాం.

---

గాజుపాత్ర:

అదే కార్కు పెట్టి ఫ్రిజ్‌లో అయితే రెండు రోజులు, మూడో రోజు పొద్దున్న మీరే ముందు రుచి చూసి నిర్ణయించాలి. సగం కంటే తక్కువ మిగిలితే లోపల గాలి ఎక్కువ కాబట్టి మర్నాటికే అమ్మేయండి, లేదా శుభ్రమైన 375 మిల్లీలీటర్ల సీసాలోకి అంచు దాకా వంపి మూత పెట్టండి. వాక్యూమ్ పంపు వాడితే గాలితోపాటు కొంత వాసన, వైన్‌లో మిగిలిన ఆ సన్నటి కార్బన్ డయాక్సైడ్ కూడా పోతాయి, ఓక్ లేని వైన్‌కి తాజాదనం ఇచ్చేవాటిలో అదొకటి. ఆర్గాన్ స్ప్రే మంచిది. సీసా తెరిచిన తేదీ, పూట మెడకి చీటీ కట్టి రాయండి, షిఫ్టు మారినప్పుడు గందరగోళం ఉండదు.

---

తొట్టికాపు:

గ్లాసు లెక్కన అమ్మేటట్టయితే స్క్రూ మూత ఉన్నదో, డయామ్ కార్కు ఉన్నదో తీసుకోండి. డయామ్‌లో కార్కు పొడిని ఒత్తిడిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కడిగి టీసీఏని తీసేస్తారు, పన్నెండు సీసాలు తెరిస్తే పన్నెండూ ఒకేలా ఉంటాయి. మామూలు కార్కుతో ఉంటే ప్రతి సీసానీ మొదటి గ్లాసు పోయకముందు వాసన చూడాల్సిందే.

---

సాగరతీరం:

స్క్రూ మూతవే అడుగుతాను. రాగి తీగ రేపే తెచ్చి బార్ డ్రాయరులో పెడతాను.